సిరిసిల్లకు పాస్‌పోర్టు

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం కష్టమని అందరూ చెప్పేవారు గానీ, ఉద్యోగానికి మనిషి దొరకడం అంతకన్నా కష్టమని నాకెవరూ చెప్పలేదు. ఎంబీఏ ముగించి, సిరిసిల్లలో కొత్తగా తెరిచిన ఒక బట్టలు కుట్టే కంపెనీలో హెచ్ఆర్ ట్రైనీగా చేరాను. (హెచ్ఆర్ అంటే ఏమిటో మా అమ్మకు అరగంట చెప్పాను. అంతా విని "అంటే హాజరేస్తవన్నట్టు" అంది.) అక్కడ చేరినవాళ్లు చేరినట్టే మాయమయ్యేవారు. కొందరు మళ్లీ సాంచల మీదికి, అంటే మరమగ్గాల మీదికి పోయేవారు, కొందరు హైదరాబాదు బస్సెక్కేవారు. ఆరుగురిని తెచ్చి నెల రోజులు నిలబెట్టి చూపిస్తేనే నా ఉద్యోగం పర్మినెంటని మేనేజరు సారు ముందే చెప్పేశారు. జగిత్యాలలో మా నాన్న అప్పటికే వీధంతా మిఠాయి పంచేశారు కాబట్టి, ఆ ఆరుగురూ నాకు ప్రాణంతో సమానం.

సిరిసిల్లలో దొరకని మనుషులు కోరుట్లలో దొరుకుతారనుకుని కరపత్రాలు వేయించాను. 'పెద్ద వస్త్ర కంపెనీలో ఉద్యోగాలు. భోజనం, రూం, రానూపోనూ టికెట్ కంపెనీదే. ఇంటర్వ్యూ కోరుట్లలో.' ఇంత చక్కగా రాసినదాన్ని, కంపెనీ ఏ ఊళ్లో ఉందో రాయడం మరిచిపోయాను. ఇంటర్వ్యూ రోజు ఫంక్షన్ హాలు ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. నా ప్రతిభకు నేనే మురిసిపోతుండగా ముందు వరుసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. ఆయన్ని అందరూ మస్కట్ మామ అంటున్నారు.

"ఏ దేశం మేడం?"

"సిరిసిల్ల" అన్నాను.

"సిరిసిల్లల మెడికల్ టెస్టు చేస్తరు గావచ్చు. డ్యూటీ ఏడ?"

"డ్యూటీ కూడా సిరిసిల్లలోనే."

"మరి ఫ్లైట్ ఏడికెల్లి ఎక్కాలె?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"కోరుట్ల బస్టాండులో" అన్నాను.

(మా ఇంట్లో గల్ఫ్ పోయినవాళ్లు లేరు. ఇంటర్వ్యూ అన్నా, కంపెనీ అన్నా, టికెట్ అన్నా ఆ ఊళ్లో సముద్రం అవతలి మాటలని నాకు తట్టనే లేదు.) హాలు ఖాళీ అయిపోయింది. మామతో కలిపి సరిగ్గా ఆరుగురు మిగిలారు. "ఛుట్టీ ఎన్నేండ్లకు ఒకపారి?" అన్నాడాయన. ప్రతి ఆదివారం అన్నాను. "ఇంటికి పోనిస్తరా?" అని రెండుసార్లు అడిగి, జేబులోంచి పాస్‌పోర్టు తీసి నా బల్ల మీద పెట్టాడు. మిగతా ఐదుగురూ పెట్టారు. గుర్తింపు కోసమనుకుని జిరాక్సు తీయించి తిరిగి ఇవ్వబోతే ఒక్కరూ అందుకోలేదు. "కంపెనీ తాన్నే ఉండాలె మేడం" అన్నాడు మామ, నాకు పని నేర్పుతున్నట్టు. సరే కాబోలనుకుని సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఆ తర్వాత జరిగింది నాకు అర్థమే కాలేదు. ఆరుగురూ ఆదివారం ఇంటికి పోవడం, సోమవారం పొద్దున్నే గేటు దగ్గర ఉండటం. "మందు గిట్ల పెట్టినవా పిల్లా? గీళ్లు ఎట్ల ఆగుతున్నరు?" అన్నారు మేనేజరు సారు. "మోటివేషన్ సార్" అన్నాను తల ఎగరేసి.

సోమవారంతో నెల నిండుతుందనగా, శుక్రవారం ఆరుగురిలో ఒకతనికి జ్వరం వచ్చింది. మామ వచ్చి, "జెర అతని పాస్‌పోర్టు ఇయ్యుండ్రి మేడం, ఇంటికి పోతడు" అన్నాడు. ఇంటికి పోవడానికి పాస్‌పోర్టు ఎందుకన్నాను. "గది కంపెనీ తాన ఉంటె మధ్యల ఎట్ల పోతం?" అన్నాడు. నా మోటివేషన్ అంతా సొరుగులో తాళం కింద ఉందని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. సోమవారం దాకా ఆగితే ఏం పోయిందని కూడా అనిపించింది, అబద్ధం చెప్పను. కానీ బెంచీ మీద వణుకుతూ కూర్చున్న ఆ మనిషిని చూశాక ఆరుగురినీ పిలిచి ఆరూ ఇచ్చేశాను. వాళ్ల ముఖాలు పాలిపోయాయి.

"మమ్ముల తీసేసిన్రా మేడం?"

గల్ఫ్‌లో కంపెనీ పాస్‌పోర్టు తిరిగి చేతికిస్తే అర్థం అదేనట. తీసేయలేదని, ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చని ఒట్టు పెట్టి చెప్పాను. నమ్మారో లేదో తెలియలేదు.

సోమవారం పొద్దున గేటు దగ్గర ఒక్కరూ లేరు. నాన్నకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. పది దాటాక ఐదుగురు దిగారు. "బస్సు లేటయింది బిడ్డా" అన్నాడు మామ. అప్పటిదాకా నేను మేడంని. జ్వరం మనిషి లీవు చీటీ పంపించాడు, దాన్నీ మనిషి కిందే లెక్కపెట్టమని సారును బతిమాలి ఒప్పించాను. మామ తన పాస్‌పోర్టు మళ్లీ నా బల్ల మీద పెట్టాడు. "గిది నీ తాన్నే ఉండనీ. ఇంట్లుంటే మల్ల మస్కట్ పోబుద్ధయితది." ఈసారి ఎందుకో తెలిసే తీసుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత ఆ కంపెనీ విడిచి పోయింది ఆ ఆరుగురిలో ఎవరూ కాదు, నేను. హైదరాబాదులో ఇంకా పెద్ద హోదా వచ్చింది. సొరుగు ఖాళీ చేస్తూ మామ పాస్‌పోర్టు ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి నీ పాస్‌పోర్టు ఎవలూ దాసిపెట్టలేదా బిడ్డా?" అన్నాడు.

నాకు పాస్‌పోర్టే లేదని చెప్పి నవ్వేశాను. ఇప్పుడు మనుషులు మానేయకుండా చూడటమే నా ఉద్యోగం. మీటింగుల్లో ఉపాయం చెప్పమని అందరూ నా వైపు తిరిగినప్పుడల్లా ఆ అమ్మాయే గుర్తొస్తుంది, తల ఎగరేసి "మోటివేషన్ సార్" అంటూ.