పక్క కిటికీ దగ్గర వందనాలు

పామర్రులో వైన్ షాపులకు కొదవేమీ లేదు. అన్ని షాపుల్లోనూ అవే సీసాలు, అవే ధరలు. అయినా మొవ్వ వైపు నుంచి, పెదపారుపూడి వైపు నుంచి వచ్చేవాళ్ళు దారిలో ఉన్న షాపులన్నీ దాటుకుని దేవసహాయం పనిచేసే షాపుకే వస్తారు. ఓనరేమో అదంతా తన హస్తవాసి అనుకుంటాడు. అనుకోనివ్వండి, పోయేదేముంది! అసలు సంగతి ఆ షాపు పక్క సందులోకి ఉన్న చిన్న కిటికీ.

ముందు కౌంటరు దగ్గర గోల, తోపులాట. పక్క కిటికీ దగ్గర అవేవీ ఉండవు. మాస్టార్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, అసలు ముట్టరని పేరున్నవాళ్ళు పొద్దుగుంకే వేళకి ఆ సందులోకి తిరుగుతారు. దేవసహాయం తల ఎత్తడు. "చెప్పండి" అంటాడు. సీసాను పేపర్లో చుట్టి కిటికీలోంచి అందిస్తాడు. మర్నాడు బజార్లో అదే మనిషి ఎదురైతే, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడనట్టు దేవసహాయం చూపు తిప్పుకుని వెళ్ళిపోతాడు. మంచి షాపంటే అదీ. సరుకు ఎక్కడైనా దొరుకుతుంది. మనల్ని మరిచిపోయే మనిషి ఎక్కడ దొరుకుతాడు?

ఓనర్లు మారారు. కొన్నాళ్ళు ప్రభుత్వమే నడిపింది, మళ్ళీ ప్రైవేటుకొచ్చింది. కిటికీ వెనక మాత్రం దేవసహాయమే.

ఆ మరిచిపోవడమే అతన్ని అలసగొట్టింది. కాళ్ళు లాగడం వేరు. పొద్దస్తమానం నిలబడితే ఎవరికైనా లాగుతాయి. ఇది అది కాదు. పెళ్ళికి వెళ్తే ఎవరూ పలకరించరు. పలకరిస్తే, ఈయన నీకెలా తెలుసని పక్కవాళ్ళు అడుగుతారని భయం. ఊళ్ళో సగంమంది అతనికి తెలుసు గానీ, ఒక్కరితోనూ నోరారా మాట్లాడే యోగం లేదు. షాపు మూశాక తాళంతో పాటు ఆ అలవాటునీ అక్కడే వదిలేసి రావచ్చనుకున్నాడు మొదట్లో. అది ఒంటికి పట్టేసింది.

ఇక చర్చి సంగతి. మందు అమ్మేవాడికి ప్రభువు బల్ల ఇవ్వకూడదని వాళ్ళ సంఘం కట్టుబాటు. నెల మొదటి ఆదివారం ప్రభువు కడరాత్రి భోజనానికి గుర్తుగా రొట్టె ముక్కలు, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పళ్ళెంలో పెట్టి వరసల వెంట పంపిస్తారు. దేవసహాయం వెనక గుమ్మం దగ్గర కూర్చుంటాడు. పళ్ళెం అక్కడిదాకా రాదు. అతని భార్య ప్రేమమ్మకు ఏ అడ్డూ లేదు, తీసుకోవచ్చు. తీసుకోదు. పళ్ళెం తన ముందుకొచ్చినప్పుడల్లా పక్కావిడకి అందించేస్తుంది. "ఆయనకి పెట్టంది నాకెలా దిగుతుందమ్మా" అంది ఒకసారి, ఎవరో అడిగితే.

ఈ ఏడు ప్రేమమ్మకి ఆయాసం ఎక్కువైంది. గుండె నీరసించిందన్నాడు డాక్టరు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ మెల్లగా అంది: "ఏవండీ, నేను పోయేలోపల ఒక్కసారి ఇద్దరం కలిసి బల్ల తీసుకుంటే బాగుండునండీ." షాపు మానేస్తే ఇస్తారని దేవసహాయానికి తెలుసు. కానీ ఈ వయసులో పని మానేస్తే ఆమె మందులెలా వస్తాయి?

తనకోసం ఎన్నడూ నోరు తెరిచి అడగనివాడు, ఆమె కోసం వెళ్ళి, ఒక్కసారి బల్ల ఇమ్మని పాస్టరు జ్ఞానయ్యగారిని అడిగాడు. ఆయన మెత్తని మనిషి. సంఘ పెద్దల్ని కూర్చోబెట్టి, దేవసహాయం ఎదుటే విషయం చెప్పాడు. ఇద్దరు కుదరదన్నారు. అందరూ పెద్దల్లో ఒకరైన విజయ్ కుమార్ గారి వైపు చూశారు. ఆయన మాటంటే సంఘంలో గురి. ఆయన ఊఁ అంటే చాలు.

విజయ్ కుమార్ పక్క కిటికీ మనిషి. ఏళ్ళ తరబడి. దేవసహాయం మొదటిసారి తన నియమం తప్పి, తెలిసినవాణ్ణి చూసినట్టు ఆయన మొహంలోకి చూశాడు. ఆయన చూపు ఫ్యాను మీదికి పోయింది. సమర్థించి మాట్లాడితే, నీకెందుకంత పట్టింపని ఎవరైనా అడుగుతారేమోనని బెదురు. చెడ్డవాడు కాదు, పిరికివాడు, అంతే.

"సరే, ప్రస్తుతానికి ఇలాగే ఉండనివ్వండి" అన్నాడు జ్ఞానయ్య.

మర్నాటి సాయంత్రం విజయ్ కుమార్ సందులోకి వచ్చాడు. "మామూలుదే" అన్నాడు. దేవసహాయం సీసా పేపర్లో చుట్టాడు. అందివ్వబోతూ తల ఎత్తాడు.

"వందనాలండీ, విజయ్ కుమార్ గారూ!"

గొంతు ముందు కౌంటరు దాకా వినిపించింది. నలుగురు సందులోకి తొంగి చూశారు. విజయ్ కుమార్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొట్లం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

గెలిచినట్టేమీ అనిపించలేదు దేవసహాయానికి. సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఏ ఒక్కటి కాపాడుకొచ్చాడో దాన్నే చేజేతులా పాడు చేసుకున్నాడు. సంగతి పాకిందేమో, పక్క కిటికీ పలచబడింది. "ఏంటయ్యా, అటువైపు జనం తగ్గారు?" అన్నాడు ఓనరు. "ఎండలు కదండీ" అన్నాడు దేవసహాయం.

మొదటి ఆదివారం వచ్చింది. ఆడవాళ్ళ వరసలో ప్రేమమ్మ ఎప్పటిలాగే పళ్ళెం పక్కావిడకి అందించింది. మగవాళ్ళ ముందు వరసలో పళ్ళెం విజయ్ కుమార్ చేతికొచ్చింది. ఆయన రొట్టె గానీ గ్లాసు గానీ తీసుకోకుండా పక్కవాడికి ఇచ్చేశాడు. జ్ఞానయ్య ప్రార్థన మధ్యలో తడబడ్డాడు. ఎందుకో చర్చిలో చాలామందికి అర్థం కాలేదు. గుమ్మం దగ్గర కూర్చున్న మనిషికి అర్థమైంది. కళ్ళు నీళ్ళతో నిండాయి.

ఆరాధన అయ్యాక జనం గేటు దగ్గర చేరారు. దేవసహాయం ప్రేమమ్మని మెల్లగా నడిపించుకుంటూ వస్తున్నాడు. మధ్యాహ్నం షాపుకి వెళ్ళాలి.

"వందనాలండీ, దేవసహాయం గారూ!"

అందరి ఎదుటా, విజయ్ కుమార్. దేవసహాయం అలవాటు కొద్దీ తల దించుకుని, ఎవరినో అన్నట్టు ముందుకు సాగిపోయాడు.

ప్రేమమ్మ అతని చొక్కా చెయ్యి పట్టి ఆపింది. ఆమెకు ఆయాసంతో మాట సరిగ్గా రావడం లేదు.

"మిమ్మల్నేనండీ" అంది.