ఈశ్వరమ్మక్క పడవకు ట్రాలీ

ఆత్మకూరులో బస్సు ఆగి జనం చాయ్ కోసం దిగుతుంటే, సీటు కింద బస్సు కొంచెం కొంచెంగా పైకి లేవడం తెలుస్తుంది. అది తెలిసినప్పుడల్లా నేను ముందున్న కమ్మీ గట్టిగా పట్టుకుంటాను. పక్కవాళ్లు నడుము నొప్పేమో అనుకుంటారు. నాకు మాత్రం ఈశ్వరమ్మక్క గుర్తొస్తుంది.

తొంభైల్లో, కొత్తగా పంతులు ఉద్యోగం వచ్చి, కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో ఆమె ఇంట్లో అద్దెకు దిగాను. భర్త పోయాక ఆయన నాటుపడవనే నడుపుతూ ఇద్దరు పిల్లల్ని సాకింది. ఆ పడవ ఆమె కాపురం కంటే పాతది. మా రేవు దగ్గర వంతెన కట్టగానే పడవ ఎక్కేవాళ్లు కరువయ్యారు. వంతెన లేని రేవు ఎగువన ఉంది గానీ, నీటి మీద పోదామంటే నడుమ ఆనకట్ట అడ్డం. ఆత్మకూరు మీదుగా రోడ్డున తీసుకుపోవాలి. దారిలో ఆ పాత చెక్క పగిలిందా, ఆమె బతుకుదెరువు పోయినట్టే.

అందుకని పిల్లకు సంబంధం చూసినట్టు ట్రాక్టరు ట్రాలీలు చూసింది. కడుపు మీద చల్లముంత పెట్టుకుని ట్రాలీలో వెల్లకిలా పడుకునేది. డ్రైవరు గతుకుల మీద ఒక చుట్టు తిప్పాలి. ఇసుక తోలే కొత్త నాలుగు చక్రాల ట్రాలీలోంచి చల్లతో తలస్నానం చేసి దిగింది. "మీ మొగోళ్ల లెక్కనే ఉంది, చూపుకే సక్కగ," అంది. ఎరువు తోలే ట్రాలీ ఎక్కనే ఎక్కలేదు. చివరికి యాదగిరి అనే డ్రైవరు దగ్గర రెండు చక్రాల పాత ట్రాలీ దొరికింది. చల్ల చుక్క ఒలకలేదు.

"అక్కా, పడవ పొడుగు. బరువంత ఎనకకు పడ్తది. ముంగట ఇసుక బస్తాలేస్త," అన్నాడు యాదగిరి.

"బస్తాలెందుకుర, సుట్టాలు లేరా? పిల్లను సాగనంపనీకి అందరొస్తుండ్రు. ముంగట కూసుంటరు."

నిజంగానే వచ్చారు. పడవకు పసుపు కుంకుమ పెట్టి, ఒడిబియ్యం పోసి, అందరం ట్రాలీ ముందుభాగాన ఇరుక్కుని కూర్చున్నాం. చెక్క ఎండి నెర్రెలివ్వకుండా తడి గోనెలు కప్పి, నీళ్లు చల్లుకుంటూ ఆమె పడవలోనే కూర్చుంది. ఆత్మకూరు దాకా ఏ చింతా లేదు. అక్కడ చాయ్ వాసన తగిలింది. యాదగిరి బండి ఆపి ముందు తనే హోటల్లోకి పోయాడు. వెనకే మేమంతా దబదబా దూకేశాం. ట్రాక్టరుకు తగిలించిన కొక్కెం ఊడి, ట్రాలీ ముక్కు గాలిలోకి లేచింది, పడవ తోక రోడ్డుకు ఆనింది. ఎక్కడో కిర్రుమంది. మాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పడవలోంచి నింపాదిగా గొంతు వినిపించింది.

"అందరొక్కసారే దిగుతరా? ఎవరన్న ఒకరు కూసోవాలె గద."

హోటల్లో చాయ్ తాగేవాళ్లు కూడా వచ్చి ట్రాలీ ముందుభాగాన ఎక్కితే గానీ తోక లేవలేదు. ఒక పలక చిట్లింది. ఆమె దానికి రేకు కొట్టి, తారు పూసి, మళ్లీ నీళ్లలో దింపింది. కొత్త రేవులో ఆ పడవ చాలా ఏళ్లు నడిచింది.

చివరి రోజుల్లో ఆమె వనపర్తి దవాఖానాలో ఉంది. ఒక సాయంత్రం చూడవచ్చిన చుట్టాలంతా చాయ్‌కి లేచారు. నేను కదల్లేదు. ఆమె కళ్లు తెరిచి, "సారూ, నువ్వు పోలే?" అంది.

"ఎవరన్న ఒకరు కూసోవాలె గద అక్కా."

నవ్వింది. "అయితే జర ముంగటికి జరుగు," అంది.

జరిగాను. ఇప్పటికీ మంచాన ఉన్న మనిషి పక్కన కూర్చోవలసి వస్తే, కుర్చీ కాస్త ముందుకు లాక్కుంటాను.