ట్రయలు బండిలో ఆదివారాలు

పోయిన నెల మా ఇంట్లో కుట్టుమిషను మొరాయిస్తే, బాగుచేయడానికి వచ్చిన ముసలాయన సంచిలోంచి చిన్న సీసా తీసి మూత తిప్పాడు. వసారాలో పేపరు చదువుకుంటున్న నాకు ఆ వాసన చేరేసరికి చదువుతున్న వార్త ఏమిటో మర్చిపోయాను. కిరసనాయిలు. స్టవ్వులూ లాంతర్లూ పోయాక ఆ వాసన ఇళ్ళలోంచి ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ గమనించినట్టు లేదు. నాకు మాత్రం అది వంటింటి వాసన కాదు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల వాసన.

నరసరావుపేటలో మా నాన్న మస్తాన్ మోటారు మెకానిక్. ఇంటి ముందే రేకుల షెడ్డు. వారమంతా మోచేతుల దాకా నల్లగా ఉండే ఆయన, ఆదివారం మూడింటికి ఒక రేకు డబ్బాలో కిరసనాయిలు పోసుకుని చేతులు కడుక్కుని, వాటిమీద రంపపుపొట్టు చల్లుకుని రుద్ది, చివరికి బట్టల సబ్బుతో తోముకున్నాడంటే ట్రయలుకు బయల్దేరుతున్నాడని అర్థం. ఆ వాసన ఇంట్లోకి రాగానే మా అమ్మ జడ వేసుకోవడం మొదలుపెట్టేది. ఆరేళ్ళ మా చెల్లెలు జాన్‌బీ గౌను వెతుక్కునేది. నేను మరచెంబులో నీళ్ళు నింపేవాణ్ణి.

ఇంజను మొత్తం విప్పి మళ్ళీ బిగించిన బండిని యజమానికి అప్పగించే ముందు పాతిక ముప్పై కిలోమీటర్లు రోడ్డు మీద నడిపి చూడాలి. ఖాళీ బండిలో లోపాలు బయటపడవు, బరువు మీద నడపాలి. మిగతా మెకానిక్కులు ఇసక బస్తాలు వేసుకునేవాళ్ళు. నాన్న మమ్మల్ని వేసుకునేవాడు. బండ్ల యజమానులకు ఈ సంగతి తెలుసు, ఎవరైనా నవ్వుతూ అడిగితే, "ఇసక బస్తాలు మాట్లాడవు గదండీ, మావోళ్ళయితే యాడ చప్పుడొచ్చినా చెప్తారు" అనేవాడు. అది సరదాకి అన్న మాట కాదు. బండిలో ప్రతి ఒక్కరికీ ఒక పని ఉండేది. వెనక కుడి చక్రం వైపు అమ్మ, ఎడమ చక్రం వైపు పక్కింటి కోటమ్మత్త చెవి పెట్టి కూర్చోవాలి. కోటమ్మత్త ఇద్దరు పిల్లలూ, జాన్‌బీ మధ్యలో ఇరుక్కుని, ఏదైనా కాలిన వాసన వస్తే అరవాలి. నేను ముందు సీట్లో నాన్న పక్కన కూర్చుని ఇంజను వేడి చూపించే ముల్లు మీదినుంచి కళ్ళు తిప్పకూడదు. "ఒరేయ్ సైదా, ముల్లు యాడుందిరా?" అని నాన్న అడగడం, "సగం కంటే కింద" అని నేను చెప్పడం. పదకొండేళ్ళ వాడికి అంతకంటే పెద్ద ఉద్యోగం ఉంటుందని నాకు తెలియదు.

కొత్తగా బిగించిన ఇంజను పసిపిల్లతో సమానమని నాన్న నలభై దాటనిచ్చేవాడు కాదు. అందువల్ల మాకు దారంతా నింపాదిగా కనబడేది. మాఘ ఫాల్గుణాల్లో కల్లాల నిండా ఆరబోసిన మిరపకాయల మధ్యగా పోతుంటే బండిలో అందరం వరసగా తుమ్మేవాళ్ళం, చప్పుళ్ళు వినాల్సిన వాళ్ళకు మా తుమ్ములే వినబడేవి. శివరాత్రి ముందు కోటప్పకొండ దారిలో ఊరూరా ప్రభలు కట్టేవాళ్ళు. సగం కట్టిన ప్రభ వెదురు బద్దలతో ఆకాశంలోకి నిలబడి ఉంటే, ఏ ఊరిది పొడుగో మేం పందేలు వేసుకునేవాళ్ళం. వానలు వెనకబట్టాక రోడ్డు పక్కన తట్టల్లో సీతాఫలాలు, చలికాలంలో రేగుపళ్ళు, ఎండాకాలంలో తాటిముంజలు. గతుకులొచ్చిన చోట ఇంకా మెల్లగా పోతున్న మమ్మల్ని సైకిళ్ళ మీద కుర్రాళ్ళు దాటేసి, వెనక్కి తిరిగి, "ఏం మస్తానన్నా, దిగి నెట్టమంటావా?" అని అరిచేవాళ్ళు. "నెట్టరా, నెట్టినోడికో ముంజ ఇస్తా!" అని నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేవాడు.

దుమ్ము పడకుండా తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చునే కోటమ్మత్త ఒకసారి, "ఏమే సైదాబీ, ఈ తెల్లకారులో మనల్ని చూసి కలెక్టరు పెళ్ళాలనుకుంటారే జనం" అంది.

"కలెక్టరు పెళ్ళాలయితే ఇట్టా ఏడుగురం ఇరుక్కుని కూర్చుంటామా వదినా! నీ మోచెయ్యి కాస్త తియ్యి, చానాసేపట్నుంచి నా డొక్కలో ఉంది" అంది మా అమ్మ.

సాగర్ కాలవ వంతెన దగ్గర ఇంజను చల్లారడానికి అరగంట ఆగేవాళ్ళం. నాన్న బానెట్టు ఎత్తి, ఒక్కొక్క గొట్టం క్లిప్పునూ వేలితో తాకి చూసేవాడు. మేం కాలవ మెట్ల మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని బొరుగుల ఉండలూ వేయించిన వేరుశెనక్కాయలూ తినేవాళ్ళం. ఒక ఏడాది రంజాన్ నెల ఎండల్లో పడింది. అమ్మానాన్నలు పొద్దు గూకేదాకా ఆ వంతెన దగ్గరే ఆగి, మరచెంబులో నీళ్ళతో అక్కడే ఒక్కపొద్దు విడిచారు. ఒక్కపొద్దు లేని కోటమ్మత్త కూడా అప్పటిదాకా పల్లీగింజ ముట్టలేదు. అడిగితే, "మీరు ఎండిపోతుంటే నేను నమిలేదేంది" అంది.

మాకు సినిమాలకు పోయే స్థోమతు ఎప్పుడో పండక్కి గాని ఉండేది కాదు. అయినా మా వీధిలో మేం తిరిగినన్ని చోట్లు తిరిగిన పిల్లలు లేరు. ఎవరి బండో, ఎవరి పెట్రోలో, మా ఆదివారం. అది ఆగిపోవడానికి కారణం నేను.

ఒక ఏడాది రోహిణి కార్తెలో నూనె మిల్లు షావుకారు గారి అంబాసిడరు మా షెడ్డుకు వచ్చింది. తెల్లటి బండి, తెల్లటి సీటు గలీబులు. దాన్ని నాన్న విప్పుతున్నప్పటి నుంచీ నేను బజారు వీధిలో ఉండే నా క్లాసు పిల్లలకు చెబుతూ వచ్చాను, ఆదివారం సాయంత్రం బట్టల కొట్ల ముందునుంచి ఆ బండి ముందు సీట్లో వస్తానని, అరుగు మీద నిలబడితే చెయ్యి ఊపుతానని. ఆ ఆదివారం తీరా బయల్దేరాక రైలు గేటు పడింది. నాన్న ఆగకుండా బండిని వెనక్కి తిప్పి చిలకలూరిపేట రోడ్డు పట్టించాడు. బజారు వీధి తొక్కకుండానే అటునుంచి అటే తిరిగి ఇంటికి వచ్చేశాం. జాన్‌బీకి జ్వరమని ఆ రోజు కోటమ్మత్త దగ్గర వదిలిపెట్టాం. తిరిగి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది.

బండిని పొద్దున్నే అప్పగించాలి. నాన్న లోపల అన్నం తింటున్నాడు. నేను స్క్రూడ్రైవరు తీసుకుని, బానెట్టు ఎత్తి, రేడియేటరు గొట్టం క్లిప్పును రెండు తిప్పులు వదులు చేశాను. అంతకు ముందొక జీపుకు అలాగే నీళ్ళు కారుతుంటే వారంలోపే మళ్ళీ షెడ్డుకు తెచ్చారు, మళ్ళీ ట్రయలుకు వెళ్ళాం. ఇదీ అంతేననుకున్నాను. నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారతాయి, డ్రైవరు చూస్తాడు, వచ్చే ఆదివారానికి బండి మళ్ళీ మన చేతికి వస్తుంది. జాన్‌బీ ఏడుపు చూడలేక ఆ పని చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అప్పుడు నా కళ్ళముందున్నది చెల్లెలు కాదు, అరుగు మీద నిలబడ్డ క్లాసు పిల్లలు.

గురువారం షావుకారు గారు కుటుంబంతో వినుకొండలో ఏదో శుభకార్యానికి బయల్దేరారు. దారిలో గొట్టం ఊడిపోయింది. డ్రైవరు ముల్లు వంక చూడలేదు. నీళ్ళన్నీ పోయి, ఇంజను కాగి కాగి పట్టేసింది. ఆ ఎండలో చెట్టు నీడైనా లేని చోట ఆయన ముసలి తల్లితో సహా అందరూ రెండు గంటలు నిలబడ్డారు. సాయంత్రానికి లారీ వెనక తాడు కట్టి బండిని మా షెడ్డుకు ఈడ్చుకొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

షావుకారు గారు కేకలు వేసే మనిషి కాదు. "ఏం మస్తానూ, ఇంత పని చేసి, ఒక్క క్లిప్పు చూసుకోలేదా?" అన్నారు.

నాన్న ఊడిన గొట్టాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. "బిగించాననే అనుకుంటున్నానండీ" అన్నాడు. గొట్టం కింద పెట్టి, "తప్పు నాదే" అన్నాడు.

నేను అక్కడే, మూడడుగుల దూరంలో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను. నాన్న ఆ బండిని తన ఖర్చుతో మళ్ళీ విప్పి, పది రోజులు కష్టపడి బాగుచేశాడు. దానిని డ్రైవరే వచ్చి తీసుకుపోయాడు.

ఆ తరవాత వచ్చిన మొదటి బండి ఒక జీపు. ఆదివారం మూడింటికి ఎప్పటిలాగే కిరసనాయిలు వాసన వచ్చింది. అమ్మ జడ వేసుకుంది, నేను మరచెంబు నింపాను, కోటమ్మత్త తువ్వాలు చుట్టుకుని పిల్లలతో వచ్చి నిలబడింది. బయటికి వచ్చి చూస్తే జీపు వెనక నాలుగు ఇసక బస్తాలు ఉన్నాయి.

"ఇదేంది, మేం రావొద్దా?" అంది అమ్మ.

"వద్దులే" అన్నాడు నాన్న. ఆమె మొహం వంక చూడలేదు. "క్లిప్పు మర్చిపోయినోడు రేపు చక్రం నట్టు మర్చిపోడని ఏముంది? నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. పిల్లల్ని ఎట్టా ఎక్కించుకునేది?"

జీపు వెళ్ళిపోయింది. కోటమ్మత్త తువ్వాలు విప్పి దులుపుకుని, "ఎండగా కూడా ఉందిలే" అని పిల్లల్ని తీసుకుని లోపలికి పోయింది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆ సాయంత్రం ఆయన తిరిగి రాగానే చెప్పి ఉంటే సరిపోయేది. నాన్న కొట్టే మనిషయి ఉంటే చెప్పేవాణ్ణేమో, నాలుగు దెబ్బలు తిని బయటపడేవాణ్ణి. ఆయన కొట్టడు. నా వంక ఒకసారి చూస్తాడు, అంతే. ఆ చూపుకు భయపడి ఆ రోజు ఆగాను, మర్నాడు ఆగాను, ఆ పైన ప్రతి రోజూ ఆగడం తేలికైపోయింది.

అమ్మ మా ఆదివారాలను వదిలెయ్యలేదు. మమ్మల్ని నడిపించుకుని స్టేషనుకు తీసుకుపోయి, పొగబండి ఇంజను నీళ్ళు పట్టుకోవడం చూపించేది. మునిసిపాలిటీ పార్కులో సాయంత్రం రేడియో పెడితే గడ్డిలో కూర్చుని వినేవాళ్ళం. కోటమ్మత్తా వచ్చేది, వేరుశెనక్కాయలూ వచ్చేవి. అవీ మంచి సాయంత్రాలే. నాన్న మాత్రం ఉండేవాడు కాదు. షెడ్డులో ఒక్కడే ఉండి, బిగించిన నట్టునే మళ్ళీ బిగించి, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తాకి చూసి, అప్పటికీ తృప్తి లేక అన్నం మధ్యలో లేచి వెళ్ళి చూసి వచ్చేవాడు. ఒక్కోసారి అమ్మను పిలిచి, "ఇది బిగుసుకుందో లేదో నువ్వు చూడు" అనేవాడు. మూడు రోజుల పని వారం పట్టేది. మంచి పనివాడే కానీ చాదస్తమని జనం వేరే షెడ్లకు మళ్ళారు. కొన్నేళ్ళకు షెడ్డు మూతపడింది.

చివరికి చెప్పాను. ఒక చలికాలం పొద్దున ఎండలో మంచం వేసుకుని కూర్చున్న ఆయన పక్కన కూర్చుని, తలవంచుకుని మొత్తం చెప్పాను.

"ఎన్ని తిప్పులు వదులు చేశావురా?"

"రెండు, నాన్నా."

ఆలోచించాడు. "రెండు తిప్పులకి ఊడదే. అయితే గొట్టం మెత్తబడి ఉంటది. అది నేను మార్చి ఉండాల్సింది" అన్నాడు. కొడుకు చేసిన తప్పులో కూడా తన వాటా వెతుక్కున్నాడు ఆయన. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరవాత కూడా వీధి తలుపు గడియ మూడుసార్లు తాకి చూడటం మానలేదు.

ఇప్పుడు నాన్న లేడు, అమ్మ లేదు. షెడ్డున్న చోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. బండ్ల లోపాలు కంప్యూటరు చెబుతోంది, దానికి కోటమ్మత్త చెవి అక్కర్లేదు. నలభై దాటకుండా పోయే బండి రోడ్డు మీద ఒక్కటీ కనబడదు. మా అబ్బాయి ఆదివారం పిల్లల్ని గుంటూరులో మెత్తటి బంతుల మధ్య గెంతే చోటికి తీసుకుపోతాడు, గంటకింత అని. వాళ్ళూ సంతోషంగానే తిరిగొస్తారు.

పోయిన వేసవిలో కోటమ్మత్త మనవరాలి పెళ్ళికి వెళ్ళాం. భోజనాల తరవాత కోటమ్మత్త కొడుకు ఆ ట్రయలు ఆదివారాలు తలుచుకుని, "అసలు మీ నాన్న ఎందుకు మానేశాడ్రా? మేమేమన్నా చెయ్యకూడని పని చేశామేమో అనుకునేవాళ్ళం" అన్నాడు. ఈసారి దాచలేదు. అందరి ముందూ చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. నలభై ఏళ్ళు దాటిన దొంగపని కదా, నవ్వొస్తుంది. జాన్‌బీ నవ్వలేదు. అందరూ లేచి వెళ్ళేదాకా ఆగి, నా పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుంది.

"నాన్నకు చెప్పావా?" అంది.

చెప్పానన్నాను.

"ఎప్పుడు?"

ఏ ఏడాదో చెప్పాను. ఆమె పెదాలు కదుపుతూ లోపల లెక్క వేసుకుంది.

"అప్పటికి షెడ్డు మూసేసి ఏడేళ్ళయింది గదన్నా" అంది.