మిల్లు కంప్యూటర్‌కు నాడి చూసిన రోజులు

మొన్న మా మనవరాలు తన చేతిగడియారం విప్పి నా మణికట్టుకు కట్టింది. గుండె ఎలా కొట్టుకుంటోందో, నిద్ర ఎంతసేపు పట్టిందో అది చెబుతుందట. నాకు నిద్ర పట్టలేదని నాకు తెలియదా, దానికి గడియారం సాక్ష్యం కావాలా అని నవ్వుకున్నాను గానీ, అందులోని ఎగుడుదిగుడు గీతలు చూడగానే మనసు మిర్యాలగూడ వెళ్లిపోయింది. ఒకప్పుడు నేనూ అలాంటి గీతల ముందే కూర్చునేదాన్ని. కాకపోతే అవి మనిషి నాడివి కావు, బియ్యం మిల్లులోని కంప్యూటర్‌వి.

రెండువేల తొమ్మిదో, పదో అయి ఉంటుంది. కోదాడలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటున్న నన్ను మా మేనమామ తీసుకెళ్లి తన స్నేహితుడి మిల్లులో కంప్యూటర్ చూసుకునే ఉద్యోగానికి పెట్టాడు. మా ఇల్లు సూర్యాపేటలో, రోజూ అక్కడే బస్సెక్కేదాన్ని. ఆ దారి కండక్టర్లందరికీ నేను టీచరమ్మనే. మిల్లులో పని అని ఎన్నిసార్లు చెప్పినా, వడ్లకు కూడా చదువు చెప్తున్నరా మేడమ్ అని ఆటపట్టించేవారు.

మిల్లు సేటుది భారీ విగ్రహం, అంతకు తగ్గ గొంతు. గుమస్తా ఆయనకు పూర్తిగా ఎదురు, వెదురుబద్దలాంటి మనిషి. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. కాగితం లెక్కల్లోనే తల నెరిసినా, మెల్లగా కంప్యూటర్ కూడా నేర్చుకుని తూకం వివరాలు ఒక్కో వేలితో కొట్టేవాడు.

వరికోతలు మొదలయ్యాక కంప్యూటర్‌కు ఏదో రోగం పట్టుకుంది. బాగా పనిచేస్తూ చేస్తూనే ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. తూకం చీటీ రాదు, చీటీ రానిదే ట్రాక్టర్ కదలదు. త్రిపురారం నుంచి వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు దాకా వరుస కట్టేవి. ఎండకు వడ్లు ఆరితే తూకం తగ్గుతుంది, మరి రైతులు ఊరుకుంటారా? వాళ్లు సేటు మీద పడేవారు, సేటు గుమస్తా మీద పడేవాడు.

"పాత లెక్కలకు మరిగినోడు, కంప్యూటర్ వద్దని కావాల్నని సతాయిస్తుండు. ఈ వారంల సక్కగ కాకుంటే ఇంటికి పొమ్మంట!" అని సేటు అందరి ముందూ అరిచాడు ఒకరోజు. అన్న కండువాతో కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ ఒక్కో వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. ఆ తుడుచుకోవడం నేను చూడలేకపోయాను.

కంప్యూటర్ కూడా మన గుమస్తాల పద్ధతిలోనే నడుస్తుంది. గుమస్తా ముందు చిట్టాలో రాసి, తర్వాత తీరిగ్గా ఆవర్జా అనే పెద్ద ఖాతా పుస్తకంలోకి ఎక్కించినట్టే, కంప్యూటర్‌లోని డిస్కు కూడా ఏ మార్పునైనా మొదట ఒక చిట్టాలో రాసుకుంటుంది. దాన్నే జర్నల్ అంటారు. మధ్యలో కరెంటు పోయినా, తిరిగొచ్చాక చిట్టా చూసుకుని లెక్క సరిచేసుకుంటుంది. ఆ చిట్టా రాయడానికి ఎంతసేపు పడుతోందో, ఒక్కో విడతకు ఎన్ని పద్దులు చేరుతున్నాయో, ఆ కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌ను అడిగితే చెబుతుంది. ఆ అంకెల్ని మాటిమాటికీ పోగుచేసే చిన్న ప్రోగ్రాం రాశాను. తీరా చూస్తే కంప్యూటర్ ఇంకా నెమ్మదించింది! పోగుచేసిన అంకెల్ని మళ్లీ అదే డిస్కులో రాయిస్తున్నాను మరి. జ్వరం చూడబోయిన థర్మామీటరే జ్వరం తెచ్చినట్టు. నాలుక కరుచుకుని వాటిని పక్క కంప్యూటర్‌కు పంపి, అక్కడ గీతగా కనిపించేలా మార్చాను.

అప్పుడు కథ బయటపడింది. మామూలుగా రెప్పపాటులో అయ్యే చిట్టా రాత, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గీత నిలువునా లేచేంత ఆలస్యమవుతోంది. ఆ సమయాల్లో అన్న ఎక్కించిన పద్దులేమో ఎప్పటిలాగే ఉన్నాయి. అంటే తప్పు ఆయనది కాదు. కానీ ఎవరిది? కరెంటు పోయి కంప్యూటర్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు గీత లేవదు. సేటు హుజూర్‌నగర్ పెళ్లికి పోయిన రోజు మిల్లంతా నడిచినా గీత లేవలేదు.

మరునాడు పొద్దున గీత లేవగానే అన్నను పిలిచాను. కంప్యూటర్ పెట్టిన, గోడలోకి దిగేసిన కడపరాయి అరమీద చెయ్యి వేస్తే అరచేయి జివ్వుమంది. డిస్కు లోపల గిర్రున తిరిగే పళ్లెం మీద సన్నని ముల్లు రాస్తుంది, అర అదిరితే ఆ ముల్లు గురి కుదిరే దాకా రాత ఆగిపోతుంది. అన్న గోడకు చెవి ఆనించి, "ఇది మిల్లు సప్పుడు కాదు చెల్లె, గీ గోడెనకనే ఉంది" అన్నాడు. సేటు ఇల్లు మిల్లును ఆనుకునే ఉండేది, గోడ వెనక ఉన్నది ఆయన పడక గది. అన్న తలుపు కొట్టాడు, గడియ పెట్టలేదు కాబట్టి అది తెరుచుకుంది.

లోపల సేటు బనియన్ మీద, నడుముకు వెడల్పాటి బెల్టు తగిలించుకుని నిలబడి ఉన్నాడు. టీవీలో చూసి తెప్పించుకున్న పొట్ట తగ్గించే యంత్రం! దాని ఇనుప స్టాండును మా గోడకే బిగించాడు. బెల్టు ఊగుతోంది, పొట్ట ఊగుతోంది, గోడ ఊగుతోంది, చివరికి మాట కూడా.

"ఏ... ఏ... ఏంది... మే... మేడమ్..."

నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అన్న మాత్రం ముఖంలో ఒక్క గీతైనా కదలకుండా వెళ్లి స్విచ్ ఆపాడు. "ఏం లేదు సేటు. కంప్యూటర్‌కు ఆ గోడ పడతలేదు. జర జాగ మారుస్తం" అని నన్ను వెంటబెట్టుకుని బయటికి వచ్చేశాడు. బయట రైతులు ఏమైందని అడిగితే వాళ్లకూ అదే మాట చెప్పాడు.

కాసేపటికి సేటు చొక్కా వేసుకుని వచ్చాడు. అందరి ముందూ తిట్టినవాడు అందరి ముందే అన్న భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేం లేదే... నేనే నోరు జారిన" అన్నాడు. కంప్యూటర్‌ను ఎదురుగోడ పక్కకు మార్చాం, ట్రాక్టర్లు కదిలాయి. నెల తిరగకుండానే సేటు ఆ యంత్రాన్ని అన్న ఇంటికే పంపించాడు. ఆ బక్కమనిషికి తగ్గించుకోవడానికి ఏముంది గనక? వదిన దాని మీద తువ్వాళ్లు ఆరేసేది.

ఇప్పుడు అన్నా లేడు, సేటూ లేడు. ఆ మిల్లు లెక్కలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎక్కడో కంటికి కనపడని చోట ఉన్నాయట. ఈమధ్య ఏ ఆఫీసుకు వెళ్లినా ‘సర్వర్ డౌన్’ అనే రెండు మాటలు చెబుతారు, అందరం బుద్ధిగా ఇంటికి వచ్చేస్తాం. ఒకరిని తిట్టేవారు లేరు, ఒకరి తరఫున నిలబడేవారు లేరు. పని ఆగితే గోడకు చెవి పెట్టి వినేవాళ్లు ఒకప్పుడు ఉండేవారని చెబితే, ఇప్పటివాళ్లు ఏ గోడ అని అడుగుతారు.