మా మామయ్య హాలు కదిలిన రోజు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే కనీసం జుట్టు నెరిసి ఉండాలని మా ఇంట్లో ఒక అభిప్రాయం. నాకింకా నెరవలేదు, ఊడింది. దాన్నే లెక్కలోకి తీసుకోమని మనవి. నేను చెప్పబోయే ఆ రోజులు మరీ పాతవేమీ కావు. అప్పటికే అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి. జగ్గయ్యపేటలో, నందిగామలో హాళ్ళుండగా జనం కార్లేసుకుని బెజవాడ మాల్‌కి పోయి, కీసర టోల్‌గేటు క్యూలో కాసేపు తపస్సు చేసి, చూసొచ్చిన సినిమా గురించి కాకుండా ఎక్కివచ్చిన ఎస్కలేటర్ గురించి చెప్పుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. నేను మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశానని మా ఇంట్లో అనుకుంటున్న రోజులు కూడా అవే. పూర్తికాలేదని నాకూ, యూనివర్సిటీకీ మాత్రమే తెలుసు.

హైదరాబాదులో ఏదో కోర్సు నేర్చుకుంటున్నానన్న పేరు మీద ఉంటూ, ఒకరోజు స్నేహితులతో కలిసి సీట్లు కదిలే థియేటర్‌కి వెళ్ళాను. అదొక విచిత్రమైన మర్యాద. టిక్కెట్టు కొనుక్కుని బుద్ధిగా కూర్చున్న మనిషిని సీటు వెనకనుంచి డొక్కలో పొడుస్తుంది. తెర మీద ఎవడో సముద్రంలో పడితే మన మొహాన నీళ్ళు చల్లుతుంది. కారు మలుపు తిరిగితే మనల్ని పక్కవాడి ఒళ్ళో పడేస్తుంది. మైలవరం బస్సులో ఆఖరి సీటు దొరికితే ఇవన్నీ చిన్నప్పటి నుంచీ అనుభవిస్తున్నవే. కాకపోతే అక్కడ డ్రైవర్ని తిట్టుకునేవాళ్ళం, ఇక్కడ చప్పట్లు కొట్టాలి. నేను ఇంటర్వెల్ దాకా కళ్ళు మూసుకుని, ఇంటర్వెల్ తర్వాత నోరు మూసుకుని (పొద్దున తిన్న పెసరట్టు బయటికి రాకుండా) మొత్తానికి ఆ సినిమా చూశాననిపించాను. ఆ మరుసటి వారం నందిగామలో మా మామయ్య ఇంట్లో భోజనాల దగ్గర కూర్చుని మాత్రం, ఆ సీట్లు నేనే తయారుచేసి ఇచ్చినంత వివరంగా చెప్పాను.

మామయ్యంటే మా అమ్మ తమ్ముడు. ఆయనకి నందిగామలో ఎరువులూ పురుగుమందుల కొట్టు, ఒక మిర్చి గోడౌను, మా తాతగారు కట్టించిన సినిమా హాలు ఉండేవి. మొదటి రెండూ సంపాదించేవి, మూడోది తినేది. అయినా ఆయన విజిటింగ్ కార్డు మీద హాలు పేరే పెద్దక్షరాల్లో ఉండేది, కొట్టు పేరు కింద మూలన పురుగంత ఉండేది. కొత్త సినిమా పడిన ప్రతి శుక్రవారం స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, బుకింగ్ దగ్గర పెళ్ళికూతురి తండ్రిలా నిలబడి వచ్చినవాళ్ళందరికీ నమస్కారం పెట్టేవాడు. వచ్చేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి నమస్కారాలు తీరికగానే పెట్టేవాడు. హౌస్‌ఫుల్ బోర్డు టిక్కెట్ల గదిలో మంచం కింద దుమ్ము కొట్టుకుని ఉండేది.

మా అత్తయ్య వ్యవహారం తెలిసిన మనిషి. హాలుని ఏసీ ఫంక్షన్ హాలుగా మార్చేస్తే బాగుంటుందని చాలాకాలంగా అంటోంది. ఆ మధ్యాహ్నం నా వర్ణన విని మామయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

"అల్లుడూ, మన హాల్లో పెడదామా అట్టాంటివి?"

"అవి కొరియా నించో ఎక్కణ్ణించో తెప్పించాలి మామయ్యా. కంప్యూటర్లూ అవీ..."

"కంప్యూటర్ దేనికిరా! ఊపడమేగా? మన హమాలీలు మిర్చి టిక్కీల్నే, అంతంత బస్తాల్ని, బంతుల్లా విసురుతుంటారు, మనుషుల్ని ఊపలేరా? నువ్వు మెకానికల్ కదా, నువ్వు చెప్పు, వాళ్ళు చేస్తారు."

(ఇలాంటి సమయాల్లో నిజం చెప్పడానికి మంచి అవకాశం వస్తుంది. నేను పప్పు వడ్డించుకున్నాను.)

అత్తయ్య నెయ్యి గిన్నె కింద పెట్టి, "సరేనండీ, మీ ముచ్చట తీర్చుకోండి. ఆదివారం మ్యాట్నీ నేనే వచ్చి చూస్తా. జనం మెచ్చుకున్నారా, హాలు జోలికి ఇంక రాను. లేదంటే సోమవారం మేస్త్రీలొచ్చి తెర పీకుతారు. మళ్ళీ మాట మార్చకూడదు" అంది. మామయ్య తల ఊపాడు. ఆ తరవాత అన్నం సరిగ్గా తినలేదు, చెయ్యి కడిగేసుకుని హాలుకి వెళ్ళిపోయాడు. అది చూసి నాకు మొదటిసారి భయం వేసింది. నేను ఊరికే గొప్పలు పోయాను, ఆయన హాలునే పందెం కాశాడు.

ఇక మా ఇంజినీరింగ్ మొదలైంది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పంక్చర్ షాపులో పాత లారీ ట్యూబులు కొనుక్కొచ్చాం. బాల్కనీలో ముందు వరసల బోల్టులు విప్పి, కుర్చీల్ని చెక్కలకి బిగించి, గాలి నింపిన ట్యూబుల మీద పెట్టాం. వెనక ఇనప గొట్టాలు అమర్చి, వాటిని పట్టుకుని ఊపడానికి హమాలీలని నిలబెట్టాం. వానకి కొట్లోంచి కొత్త స్ప్రేయర్లు వచ్చాయి ("మందు ముట్టనివిరా, దేవుడి మీద ఒట్టు" అని మామయ్య అందరికీ చెప్పాడు, అడగనివాళ్ళకి కూడా). హీరోయిన్ వచ్చినప్పుడు సువాసనకి సాంబ్రాణి. తుఫానుకి మాత్రం ఏం చెయ్యాలో తోచక ఆగితే, హమాలీల మేస్త్రి నెత్తి గోక్కుని, "గోడౌన్లో పెద్ద ఫ్యానుంది కదండీ, కాయల్లో దుమ్మెగరగొట్టేది! దాని ముందు నిలబడితే పంచె నిలవదండీ" అన్నాడు. మామయ్య వాణ్ణి కావలించుకున్నంత పని చేశాడు. ఫ్యానుకి వెండి రంగు వేయించి, కుంకుమబొట్టు పెట్టించి, బాల్కనీలో ముందు మూలకి, సీట్లకేసి తిప్పి ఎక్కించాడు. రంగు బయట వేశారు. లోపల సంగతి అడగాలని మెకానికల్ ఇంజినీరుకి తట్టలేదు.

ఊరంతా ఆటో తిరిగింది. 'కదిలే సీట్లు! కురిసే వాన! వీచే గాలి! బెజవాడ పోనక్కర్లేదు!' అని మైకులో మామయ్య గొంతే. ఆదివారం మ్యాట్నీకి జనం ఎగబడ్డారు. మంచం కింద నుంచి హౌస్‌ఫుల్ బోర్డు తీసి, కండువాతో తుడిచి, గేటుకి తగిలించి, ఆ బోర్డు ముందు మామయ్య కాసేపు నిలబడ్డాడు. "అల్లుడూ, ఫోటో తీయరా" అన్నాడు. తీశాను. అందులో ఆయన నవ్వడం లేదు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. (అప్పటికింకా ఫ్యాను వెయ్యలేదని గమనించగలరు.)

పట్టుచీరలో అత్తయ్య బాల్కనీ మొదటి వరస మధ్యలో కూర్చుంది. టార్చి లైటు ఒకసారి వేస్తే ఊపాలి, రెండుసార్లు వేస్తే ఆపాలి, అది ఒప్పందం. టార్చి మామయ్య చేతిలో. అయితే మేం ఒక చిన్న విషయం మర్చిపోయాం. ఊపేవాళ్ళు కూడా మనుషులు, అందులోనూ ఆ హీరో అభిమానులు. తెర మీద హీరో చెప్పు కనపడిందో లేదో, టార్చితో పని లేకుండా మొత్తం వరసల్ని పూనకం వచ్చినట్టు ఊపేశారు. ఈలలు, కాగితాలు, మేస్త్రి కేకలు. పాట అయ్యేదాకా ఊపారు. జనం కూడా కేరింతలే! అత్తయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని నవ్వడం నేను కళ్ళారా చూశాను. మామయ్య నా భుజం నొక్కాడు. హాలు దక్కిందనే అనుకున్నాం.

తర్వాత ఫైటు వచ్చింది. సీట్లు కదలాల్సిన చోటే అది. కదలలేదు. హమాలీలు గొట్టాల మీద గడ్డాలు ఆనించి, నోళ్ళు తెరుచుకుని ఫైటు చూస్తున్నారు. మామయ్య టార్చి వేసి వేసి, "ఒరేయ్, ఊపండ్రా!" అని పళ్ళ మధ్య నుంచి అరిచాడు. "ఉండండి షావుకారుగారూ, వాణ్ణి పడగొట్టనివ్వండి" అన్నాడు మేస్త్రి, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. ఫైటు అయ్యాక తప్పు తెలుసుకుని, బాకీ అంతా కలిపి ఊపారు. అప్పుడు తెర మీద హీరో తల్లి ఆసుపత్రి మంచం మీద కొడుకు చెయ్యి పట్టుకుని మాట తీసుకుంటోంది. ఆ తల్లి మాట ఎవరికీ వినపడలేదు. వరసల్లో ఒక పెద్దాయన, "అమ్మ పోతుంటే ఈ ఊపుడేందయ్యా!" అని కోప్పడ్డాడు.

వాన ఫరవాలేదు. స్ప్రేయర్ చప్పుడు వినగానే రైతులందరూ అలవాటుకొద్దీ తువాళ్ళు మూతికి కట్టేసుకున్నారంతే. "ఏం మందండీ ఇది, పురుగు మేమేనా?" అని ఒకాయన అడిగితే హాలంతా నవ్వింది. అత్తయ్య చీర మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి గానీ, ఆవిడ కొంగుతో తుడుచుకుని ఊరుకుంది. ఇంకా మాకు ఆశ ఉంది. మిగిలింది క్లైమాక్సులో తుఫాను ఒక్కటే.

రిహార్సల్లో ఫ్యాను మెల్లిగా తిప్పి చూశాం. ఫైట్లో పోయిన పరువు తుఫానులో నిలబెడదామని మేస్త్రి దాన్ని ఒకేసారి ఫుల్లులో పెట్టాడు. ఎన్ని సీజన్ల మిరప దుమ్ము లోపల కాచుకుని కూర్చుందో గానీ, అంతా ఒక్క ఊపున బయటికొచ్చింది. మొదట ఒక తుమ్ము వినపడింది. ఆ తర్వాత హాలు మొత్తం ఒకటే తుమ్ములు, దగ్గులు, "అమ్మో, కళ్ళు!" అని కేకలు. తెర మీద హీరో విలన్ని క్షమిస్తున్నాడు, ఇక్కడ అందరూ వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ఆ దర్శకుడు అక్కడుంటే తన ప్రతిభకి తానే దణ్ణం పెట్టుకునేవాడు. నేను తడుముకుంటూ వెళ్ళి స్విచ్చి ఆపేసరికి లోపల హమాలీలు తప్ప ఎవరూ లేరు. వాళ్ళకి మిరప ఘాటు అలవాటే, కూర్చుని ప్రశాంతంగా శుభం కార్డు దాకా చూశారు.

బయట కుళాయిల దగ్గర జనం మొహాలు కడుక్కుంటున్నారు. తన్నులు తప్పవని స్తంభం చాటున నిలబడ్డాను. కానీ మనవాళ్ళు మనవాళ్ళే. ఒక రైతు ముక్కు చీదుకుంటూ వచ్చి, "సినిమా సంగతి వదిలెయ్యండి షావుకారుగారూ, కాయ ఎవరిది? మంచి ఘాటు మీదుంది, విత్తనం ఏం రకం?" అని అడిగాడు. మామయ్య ఏడుస్తూనే (ఫ్యాను వల్లా, కాదా అనేది నేను అడగలేదు) రకం పేరు చెప్పాడు. అత్తయ్య ఎర్రటి కళ్ళతో వచ్చి, దగ్గుతూ నవ్వుతూ, "ఏవండీ, అప్పగింతల్లో కూడా ఇంతమంది ఒక్కసారి ఏడవగా చూళ్ళేదు. ఇది పెళ్ళిళ్ళకే పనికొస్తుంది" అంది.

సోమవారం తెర దించారు. మామయ్య ఎవరినీ ఏమీ అనలేదు, నన్ను కూడా. హౌస్‌ఫుల్ బోర్డుని మాత్రం కొట్టుకి తీసుకెళ్ళి తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు. యూరియా కోసం వచ్చినవాళ్ళు ఇప్పటికీ దాని కింద నిలబడే బేరమాడుతుంటారు.

మొన్నీమధ్య మామయ్యా అత్తయ్యా హైదరాబాద్ వస్తే ఆ కదిలే సీట్ల థియేటర్‌కే తీసుకెళ్ళాను (నేనిప్పుడు నిజంగానే ఇంజినీర్ని, యూనివర్సిటీ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు). సీట్లు ఒకచోట దొరకలేదు. వాళ్ళిద్దరూ మా ఆవిడా ముందు వరసలో, నేను సరిగ్గా మామయ్య వెనక. అత్తయ్య కూర్చోగానే నీళ్ళు రాకుండా ఆపే మీట కనిపెట్టి నొక్కేసింది. మామయ్య సినిమా మొదలయ్యేలోపు సీటు కిందకి వంగి చూశాడు. "మోటార్లురా. కింద మనుషులెవరూ లేరు" అన్నాడు. ఆ గొంతులో మెచ్చుకోలు లేదు.

కాసేపటికి హీరో వచ్చాడు. జనం ఈలలు వేశారు. మామయ్య కుర్చీ చేతులు పట్టుకుని, నడుం సర్దుకుని, ఊపు కోసం సిద్ధంగా కూర్చున్నాడు. సీటు కదలలేదు. హీరో వచ్చినప్పుడు ఊపాలని ఆ కంప్యూటర్‌కి ఎవరు చెప్తారు? మామయ్య మెల్లిగా తల తిప్పి, వెనక ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు చూశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. లేచి నిలబడి, ఆయన సీటు రెండు చేతులా పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊపాను.

"అదీ! ఆపమాకురా మేస్త్రీ!" అన్నాడు మామయ్య, వెనక్కి చూడకుండా.

పాట సగంలో ఉండగా టార్చి లైటు నా మొహం మీద పడింది. "సార్, సీట్లు కదపకూడదండీ, కూర్చోండి" అన్నాడు థియేటర్ కుర్రాడు, ఎంతో మర్యాదగా. కదిలే సీట్ల హాల్లో సీటు కదిపినందుకు క్షమాపణ చెప్పుకుని కూర్చున్నాను. లైటు వేసింది ఒక్కసారే. మా లెక్క ప్రకారం దానర్థం ఊపమనే కదా అని చాలాసేపు నాలో నేను నవ్వుకున్నాను.