సోమవారం పట్టే ఆయాసం

తొంభైల మొదట్లో ఒక సోమవారం సాయంత్రం. మా ఆయన మిల్లు నుంచి వచ్చి, సైకిల్ గోడకు ఆనించి, అరుగు మీద కూలబడ్డాడు. "ఎదురురొమ్ము బిగదీసినట్టు ఉండాదే" అన్నాడు.

ఆత్మకూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో ఆయనది బ్లో రూమ్ పని. దూది బేళ్లు విప్పి మిషన్‌లో వేసే చోటు. కనుబొమల మీద కూడా నూగు పట్టేది. మంగళవారానికి కొంచెం తేలిక. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేవాడు. సోమవారం మళ్ళీ అదే వరస.

నేను హైస్కూల్ టీచర్ని. "సోమవారం కడుపునొప్పి అనే పిల్లకాయల్ని వారం వారం చూస్తుండా. మీదీ ఆ జబ్బే" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

రెండేళ్ళకు ఆయాసం వారమంతా పాకింది. అత్తగారి ఊరు వరికుంటపాడు ఉదయగిరి పక్కనే గనక అక్కడి ఆసుపత్రిలో చూపించాం. కళ్ళె పరీక్షలో ఏమీ లేకపోయినా టీబీ మందులు రాశారు. నెలల తరబడి మింగాడు. మూత్రం ఎర్రబడింది, ఆకలి పోయింది, దగ్గు మాత్రం పోలేదు. చర్చిలో ఆయన పక్కన బెంచీ ఖాళీ అయింది.

నెల్లూరు తీసుకెళ్ళి, అక్కడి ఛాతీ డాక్టరుతో వాదన పెట్టుకున్నాను. "టీబీ అయితే కళ్ళెలో ఎందుకు లేదు సార్? మందులకెందుకు తగ్గలేదు?"

"మొదట్లో ఎట్లుండేదమ్మా?"

"సోమవారం సోమవారం వచ్చేది, బడెగ్గొట్టే పిల్లకాయలకు మల్లే" అన్నాను విసురుగా.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఏం పని చేస్తాడు?"

అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఊపిరి బలం కొలిచేందుకు ఊదే మీటర్ ఒకటి ఇచ్చి, సోమవారం షిఫ్టుకు ముందూ తర్వాతా ఊదించి రాసుకురమ్మన్నాడు. సాయంత్రానికి అంకె బాగా పడిపోయింది. ఆ కాయితం చూసి డాక్టరు తేల్చి చెప్పాడు: "బిస్సినోసిస్. దూది దుమ్ముతో వచ్చే జబ్బు. సెలవు తర్వాత దుమ్ములోకి పోతే బిగుస్తుంది. మొదట్లోనే ఆ దుమ్ములోంచి బయటికొచ్చుంటే తగ్గిపోయేదమ్మా."

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. "ఏందే, వాదించేదానికి ఎవురూ దొరకలేదా?" అన్నాడు ఆయన.

మర్నాడు దొరికాడు, మిల్లు మేనేజరు. "అందరూ పీల్చే దుమ్మే కదా టీచరమ్మా" అన్నాడు. "అయితే నెల రోజులు మీ కుర్చీ బ్లో రూమ్‌లో వేయించుకోండి" అన్నాను. వారంలో మా ఆయన్ని గేటు డ్యూటీకి మార్చారు.

టీబీ మందులు ఆగిపోయాయి, ఇన్‌హేలర్ మిగిలింది. ఆదివారం రెండు చరణాలు పాడి, మూడోది నాకు వదిలేస్తాడు. నాకు రాగం రాదు. అయినా పాడతాను.

మీ ఇంట్లో దుమ్ములో పనిచేసేవాళ్ళుంటే, ఆయాసం ఏ రోజు వస్తోందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. డాక్టరు అడక్కపోయినా చేసే పనేందో చెప్పండి. ఎగతాళి తర్వాతైనా చేసుకోవచ్చు.