కిష్టప్ప కాక గొంతు

మందుల ఫ్యాక్టరీ జట్టుతో ఆడుతున్నప్పుడు, హాఫ్ టైమ్‌కు కొంచెం ముందు, కిష్టప్ప పై వరస పెట్టుడు పళ్లు నోట్లోంచి ఊడి గీత దాటి మైదానంలో పడ్డాయి. ఎడమ వైపు ఆడుతున్న నరేష్ మీద "ఉరుకురా పీనుగా" అని ఒర్రుతున్నప్పుడు, చివరి మాటతో పాటు అవీ బయలుదేరాయి. అప్పటికి బంతి నరేష్ కాళ్ల దగ్గరే ఉంది. ముందర గోల్ కీపర్ తప్ప ఎవరూ లేరు. నరేష్ ఆగాడు. బంతిని అక్కడే వదిలేసి వచ్చి, వంగి పళ్లు తీసి, గీత పక్కనున్న సీసాలో నీళ్లతో కడిగి, రెండు చేతులతో అందించాడు. కిష్టప్ప వాటిని పెట్టుకుని, కుదిరాయో లేదో దవడ అటూ ఇటూ ఆడించి చూసుకునేసరికి అవతలి వాళ్లు అదే బంతిని తీసుకుపోయి గోల్ కొట్టి కావలించుకుంటున్నారు.

మైదానంలో పళ్లు పడితే ఆట ఆపాలి కదా అని కిష్టప్ప రెఫరీతో వాదానికి దిగాడు. రెఫరీ చాలాసేపు ఆలోచించి, ఆటగాడి పళ్లయితే ఆపేవాణ్ణనీ, కోచ్ పళ్లకు ఆపడం కుదరదనీ తీర్పు చెప్పాడు.

ఆ ఆటా పోయింది. అంతకు ముందువీ పోయాయి.

కిష్టప్ప పటాన్‌చెరులో రేకు సామాను చేసే ఫ్యాక్టరీలో, రేకులను యంత్రాల కింద నొక్కే ప్రెస్ షాపుకు ఫోర్‌మన్. ఆ ఫ్యాక్టరీ లేచిన నేలలో కొంత వాళ్ల నాయన జొన్న చేను. భూమి ఇచ్చిన ఇంటికొక నౌకరి అంటే కిష్టప్పకు దొరికింది. "అందరు చేను ఇడిసిపెట్టి నౌకరికి పోయిండ్రు, నేను మా చేన్లనే నిలబడి నౌకరి చేస్తున్న" అంటుంటాడు. తర్వాత పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. లోపల ఆయన ఫోర్‌మన్ సార్. గేటు దాటితే అందరికీ కాక. సాయంత్రం షిఫ్ట్ వదిలాక క్యాంటీన్ వెనక ఖాళీ జాగాలో పిల్లలను పోగేసి ఫుట్‌బాల్ జట్టు చేసింది ఆయనే. జట్టంతా ప్రెస్ షాపు పిల్లలే. వాళ్లకు పని నేర్పిందీ కిష్టప్పే, ఆట నేర్పిందీ కిష్టప్పే. రెండూ ఒకే గొంతుతో నేర్పాడు.

ఆ గొంతు గురించి చెప్పుకోవాలి. ప్రెస్‌లన్నీ ఒక్కసారి నడుస్తున్నా దాటి వినబడేది. ఆ గొంతుతో ఆయన ఆటగాళ్లను దున్నపోతులనేవాడు, పాడె కట్టెలనేవాడు, "నీ కాళ్లు మీ అత్తగారింటికాడ మరిచిపోయొచ్చినవారా" అని అడిగేవాడు. పెళ్లికాని వాణ్ణి కూడా అలాగే అడిగేవాడు. ఎవరన్నా చిన్నబుచ్చుకుంటే తన ఉస్తాద్ కథ మొదలుపెట్టేవాడు. చిన్నతనంలో ఒక సర్కారీ ఫ్యాక్టరీ మైదానంలో ఆట నేర్పిన ఉస్తాద్ చేతిలో ఎప్పుడూ తుమ్మ బరిగె ఉండేదట. "ఆ బరిగె నా పిక్కల మీద ఇరిగింది గనుకనే నేను ఆటగాన్నయిన. తిట్టు పడితేనే రోషమొస్తది, రోషమొస్తేనే కాలు లేస్తది."

పళ్ల సంగతి ఫ్యాక్టరీ అంతా పాకిన మర్నాడు మేనేజరు దుర్గాప్రసాద్ కబురంపాడు. దుర్గాప్రసాద్ వాళ్లది కోస్తా వైపు. ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. మర్యాద తెలిసిన మనిషి. ఎంత మర్యాదంటే, ఆయన ఏదన్నా తీసేసుకుంటున్నప్పుడు కూడా ఇస్తున్నట్టే ఉంటుంది.

"కూర్చోండి కిష్టప్పగారూ."

"నిలబడే ఉంట సార్."

"మీరు నిలబడితే నేనూ నిలబడాల్సి వస్తుందండీ." కిష్టప్ప కూర్చున్నాడు. "పిల్లలు ప్రాక్టీసుకి రావడం మానేస్తున్నారండీ. మీరు తిడుతున్నారంట."

"తిట్టకుంటె వస్తరా సార్?"

"తిడుతున్నారు కాబట్టి రావట్లేదని చెప్తున్నానండీ."

"రోషం లేని పోరలు సార్. మా కాలంల..."

"వచ్చే ఆదివారం పైపుల ఫ్యాక్టరీతో ఉంది కదా," దుర్గాప్రసాద్ మెల్లగా మాట మార్చాడు. "అదీ ఓడిపోతే జట్టుని మన ఆఫీసులో వెంకట సాయికి అప్పగిద్దామనుకుంటున్నామండీ. కుర్రాడు బోర్డు మీద బొమ్మలు గీసి నేర్పుతాడంట."

"బొమ్మలు జూస్తే బంతి గోల్లకు పోతదా సార్?"

"తిట్లు వింటే కూడా పోవట్లేదు కదండీ."

కిష్టప్ప పళ్ల సెట్టు సర్దుకున్నాడు. సర్దుకుంటూ బయటికి వచ్చాడు. జట్టు పోతే ఇక మిగిలేది ప్రెస్ షాపు, బస్సు, ఇల్లు. సాయంత్రం ఆ ఖాళీ జాగాలో బంతి చప్పుడు వినకపోతే అన్నం సహించని మనిషి. అక్కడికి వేరేవాడు బోర్డు చంకలో పెట్టుకుని వస్తుంటే తను గేటు దాటి బస్సెక్కడం ఆయన ఊహకు అందలేదు.

ఇంటికి పోయి భార్య శివమ్మకు చెప్పుకున్నాడు. శివమ్మ మేనమామ బిడ్డ. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి దగ్గర గొప్పలు చెప్పుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది.

"ఉస్తాద్ కొట్టిండు గనుకనే గద నేను..."

"ఏమయినవ్? ఉస్తాద్ వస్తుండంటె మా ఇంటెనుక చేన్ల దాక్కుంటుంటివి. మా అమ్మ ఆడికే జొన్న గటక తెచ్చి పెట్టేది."

"అది ఒక్కపాలి."

"ఒక్కపాలి నేను తెచ్చిన. కడమవన్ని మా అమ్మ తెచ్చింది." శివమ్మ కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "గోల్ కొట్టిన, గోల్ కొట్టిన అని ఊరంత చెప్పుకుంటవ్. ఆ దినం ఉస్తాద్ యాడున్నడు? పచ్చకామెర్లయి దవఖాన్ల పడ్డడు."

"పప్పుల ఉప్పు తక్కువైంది," అన్నాడు కిష్టప్ప.

మర్నాడు ప్రాక్టీసుకు మనసు మార్చుకుని వెళ్లాడు. ఇష్టంగా మార్చుకోలేదు, గతి లేక మార్చుకున్నాడు. గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడి, గొంతు తగ్గించి, "నరేష్ బిడ్డా, జెర ముందటికి పోయి ఆడుతవా?" అన్నాడు.

బంతి దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది. దాని వెంట ఎవరూ పోలేదు. నరేష్ ముఖం పాలిపోయింది. గోల్ కీపర్ మహేంద్ర గోల్ వదిలేసి చేతి తొడుగులు విప్పుకుంటూ వచ్చాడు.

"కాకా, ఎవలికన్న ఏమన్నయిందా?"

"ఏం కాలే. ఆడుండ్రి నాయినా."

నాయినా అనేసరికి పూర్తిగా భయపడిపోయారు. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో ప్రెస్ షాపు మూసేస్తున్నారని పుకారు లేచింది. మనుషులను తీసేస్తారట, జాబితా కాక చేతికి వచ్చిందట, అందుకే చివరిసారి ప్రేమగా మాట్లాడుతున్నాడట. ఎవరినీ తీసేయడం లేదని దుర్గాప్రసాద్ స్వయంగా వచ్చి చెప్పాల్సి వచ్చింది. చెప్తున్నంతసేపూ ఆయన కిష్టప్ప వైపే మర్యాదగా చూశాడు.

గేటు బయట చాయ్ బండి దగ్గర కిష్టప్పకు ఓపిక అయిపోయింది.

"తిడితె నిలబడ్తరు. మెత్తగ మాట్లాడితె దడుసుకుంటరు. మీతోని నేనేం జెయ్యాలె చెప్పు," అన్నాడు మహేంద్రతో. "ఆ మందుల ఫ్యాక్టరీ బెంగాలీ కోచ్‌ను సూడు. నాకంటె ఎక్కువ తిడ్తడు. వాళ్ల పోరలు గుర్రాల లెక్క ఉరుకుతరు."

"ఆయన బెంగాలీ బాషల తిడ్తడు కాకా. వాళ్లకేం సమజ్ గాదు. మెచ్చుకుంటుండు అనుకుంటరు."

కిష్టప్ప చాయ్ ఊదుకున్నాడు. మహేంద్ర కాసేపు నసిగి, చివరికి అనేశాడు.

"కాకా, ఏమనుకోకు. నువ్వు ఒర్రితె ఆగుడు నువ్వే నేర్పితివి గద."

"నేనెప్పుడు నేర్పిన?"

"ప్రెస్ మీద. నా గొంతు ఇనబడంగనే పెడల్ మీదికెళ్లి కాలు తియ్యాలె, చెయ్యి ఎనుకకు గుంజాలె, నా దిక్కు జూడాలె అంటివి. నువ్వు ఒర్రితె నాకు ఇప్పటికి చెయ్యి ఎనుకకే పోతది. గోల్ల నిలబడ్డా అంతే. బంతి వచ్చేది కనబడ్తనే ఉంటది, చెయ్యి లేవది."

ఆ ఆనవాయితీ ఎందుకు వచ్చిందో మహేంద్రకు తెలియదు, అప్పటికి వాడు చేరలేదు. కుమార్ అనే పిల్లవాడు అచ్చు వేసే డై కింద రేకు సర్దుతుంటే కిష్టప్ప చూశాడు. అప్పట్లో ఆయన నెమ్మదస్తుడు. నవ్వుతారు గానీ నిజం. "చెయ్యి జెర సూసుకో" అని మామూలుగానే అన్నాడు. ప్రెస్ చప్పుడులో కుమార్‌కు వినబడలేదు. రెండు వేళ్లు పోయాయి. ఆ తర్వాతే కిష్టప్పకు ఆ గొంతు వచ్చింది. వచ్చాక ఆయన షాపులో ఎవరి వేలూ పోలేదు. చేతులు ఆపడానికి తెచ్చుకున్న గొంతును పట్టుకుపోయి కాళ్లను ఉరికించాలని ఇన్నాళ్లూ చూస్తున్నాడన్నమాట. అంత మాట తనకు తాను చెప్పుకోలేక, చాయ్‌లో పంచదార లేదని బండివాడితో తగువు పెట్టుకున్నాడు.

ఆదివారం ఆట ముత్తంగిలో, గోదాముల వెనక మైదానంలో. ఒక పక్కంతా కంటైనర్ లారీలు ఆగి ఉన్నాయి. గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో దుర్గాప్రసాద్, ఆయన పక్కన ఒళ్లో బోర్డు పెట్టుకుని వెంకట సాయి. కిష్టప్ప ఆ రోజు నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకుని, చేతి రుమాలు మడిచి పళ్ల మధ్య కరిచిపట్టి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

నోరైతే మూసుకున్నాడు, ముఖాన్ని ఎక్కడ పెట్టుకుంటాడు? పాస్ తప్పితే కనుబొమలు తిట్టేవి. బంతి జారితే మెడ నరాలు తిట్టేవి. పిల్లలకు బంతి దొరికినప్పుడల్లా ఒకసారి ఆ ముఖం వైపు చూసుకోవడం, చూసి ఆగడం. నరేష్ అలా ఒకసారి చూసి ఆగినప్పుడే పైపుల వాళ్లు బంతి లాక్కుపోయి గోల్ కొట్టారు. వెంకట సాయి బోర్డు మీద ఏదో బాణం గీశాడు. ఆ బాణం తన వైపే ఉన్నట్టు కిష్టప్పకు అనిపించింది.

హాఫ్ టైమ్ అయ్యింది. మళ్లీ మొదలైంది. నరేష్‌కు బంతి దొరికింది. నరేష్ మళ్లీ గీత వైపు చూశాడు.

కిష్టప్ప లేచి నడక మొదలుపెట్టాడు.

"ఎక్కడికండీ కిష్టప్పగారూ? ఆట నడుస్తోంది."

"పనున్నది సార్," అని రుమాలు తీయకుండానే గొణిగి, లారీల వరుస వెనక్కి పోయాడు.

అక్కడ లారీ నీడలో ఉత్తరాది డ్రైవరు ఒకడు చిన్న పొయ్యి మీద రొట్టెలు కాల్చుకుంటున్నాడు. "క్యా హువా చచా?" అన్నాడు. కిష్టప్ప మైదానం వైపు చెయ్యి ఊపాడు. అందరూ అటు చూస్తుంటే ఈయన ఇటెందుకు వచ్చాడో డ్రైవరుకు అంతుపట్టక మళ్లీ రొట్టె తిప్పుకున్నాడు.

కనబడని ఆటను వినడమంత నరకం ఇంకొకటి లేదు. కాలు బంతికి తగిలిన చప్పుడు వినబడుతుంది, ఎవరి కాలో తెలియదు. కేక వినబడుతుంది, ఎవరి కేకో తెలియదు. కిష్టప్ప వంగి లారీ కింద నుంచి చూశాడు. కాళ్లు మాత్రమే కనబడ్డాయి. కాళ్లను బట్టి చూస్తే అందరూ దున్నపోతులే. ఇక ఉండబట్టలేక రుమాలు తీసి, లారీ వెనక టైరు ముందు కూర్చుని, ఆ రోజు దాచుకున్న తిట్లన్నీ దానికి మెల్లగా చెప్పాడు. అత్తగారింటి సంగతి కూడా అడిగాడు. డ్రైవరు కంగారుగా లేచి వచ్చి టైరును కాలితో తన్ని గాలి చూసుకున్నాడు.

అప్పుడు పెద్ద గోల లేచింది.

కిష్టప్పకు లేచి చూడాలని ఉంది. చూడకూడదని ఉంది. డ్రైవరును చూసి రమ్మని సైగ చేశాడు. డ్రైవరు వెళ్లి, తొంగి చూసి, పిండి చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"గోల్ హో గయా చచా. నీలేవాలే."

నీలం బనియన్లు తన జట్టువే. కిష్టప్ప అక్కడే నేల మీద కూలబడి, చివరి విజిల్ పడేదాకా టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ గోల లేవలేదు. ఆట చెరొక గోల్‌తో ముగిసింది.

దుర్గాప్రసాద్ వెతుక్కుంటూ వచ్చాడు. "ఓడలేదు కాబట్టి జట్టు మీ దగ్గరే ఉంటుందిలెండి," అన్నాడు. జట్టు ఇచ్చేస్తున్నప్పుడు మాత్రం ఆయన గొంతులో తీసుకుంటున్నట్టే ఉంది. "కాకపోతే కోచ్ లారీ వెనక కూర్చోవడమేం పద్ధతండీ? చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"వచ్చే ఆటకు కుర్చీ ఈడనే ఏపియ్యి సార్," అన్నాడు కిష్టప్ప చిరాగ్గా. జట్టు దక్కింది, ఆట దక్కలేదు. ఆ లెక్కలో తను గెలిచాడో లేదో ఆయనకు ఎటూ తేలడం లేదు.

దుర్గాప్రసాద్ వెళ్లాక నరేష్ వచ్చాడు. మోకాలు చెక్కుకుపోయి ఉంది, బనియన్ నిండా మట్టి. వాడి ముఖంలో గోల్ కొట్టిన సంతోషం లేదు, కోపముంది.

"గింత కష్టపడి నేను కొడితె, అందరు జూసిండ్రు, నువ్వొక్కనివే జూడకపోతివి కాకా."

కిష్టప్ప టైరు పట్టుకుని లేచి నిలబడి, ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"నేను జూస్తె నువ్వు ఆగుతవనే ఇటొచ్చిన."